పోర్చుగీసు దేశాల పౌరులు, పరదేశంలో నివాస హక్కు

పోర్చుగీసు అధికార భాషగా ఉన్న దేశాలు తొమ్మిది: పోర్చుగల్, బ్రెజిల్, అంగోలా, మొజాంబిక్, కేప్ వర్దీ, గినీ-బిసావు, సావ్ తోమె-ప్రిన్సిపె, తూర్పు తిమోర్, ఈక్వటోరియల్ గినీ. వీటన్నిటికీ సీపీఎల్‌పీ అనే ఉమ్మడి వేదిక ఉంది. 1996 జూలై 17న లిస్బన్‌లో ఏడు దేశాలతో అది ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 2002లో, తూర్పు తిమోర్ చేరింది. ఈక్వటోరియల్ గినీ 2014లో చేరింది. ఐరోపా సమాఖ్యకు ఉన్నట్టు ఈ వేదికకు ఉమ్మడి పౌరసత్వం లేదు, ఒక దేశపు పాస్‌పోర్టుతో ఇంకో దేశానికి వెళ్లి స్థిరపడే స్వేచ్ఛ కూడా లేదు. కాబట్టి అంగోలాలోని లువాండాలోనో బ్రెజిల్‌లోని సావ్ పావ్లోలోనో పుట్టినవాళ్లు లిస్బన్‌లో బతకాలంటే దరఖాస్తు పెట్టుకోక తప్పదు. అక్కడ భాష ఒక సిఫారసులా పనికొస్తుంది, అంతే. హక్కును తేల్చేవి మూడు: చేతిలో ఉన్న పాస్‌పోర్టు, పూర్వికుల జన్మస్థలం, దరఖాస్తు చూసే కార్యాలయపు సత్తా. గత అయిదేళ్ల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

ఈ సమస్య మూలాలు వలస పాలన ముగిసిన తీరులో ఉన్నాయి. 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నియంతృత్వం కూలిపోయాక ఆఫ్రికా వలస రాజ్యాలు ఒక్కొక్కటిగా స్వతంత్రమయ్యాయి. 1975 జూన్ 24న పోర్చుగల్ తెచ్చిన 308-ఎ/75 డిక్రీ, ఆ నేలల మీద పుట్టినవారిలో ఎవరికి పోర్చుగీసు జాతీయత మిగులుతుందో తేల్చింది. పోర్చుగల్‌లో పుట్టినవారికి, వారి సంతానంలో మూడో తరం వరకు అది నిలిచింది. అంగోలాలోనో మొజాంబిక్‌లోనో తరతరాలుగా ఉన్న నల్లజాతివారిలో అత్యధికులకు, నిన్నటిదాకా చట్టం కాగితం మీద ఇచ్చిన జాతీయత రాత్రికి రాత్రి పోయింది. గోవా, డామన్, డయ్యూలలో పుట్టినవారికి మాత్రం, కోరితే నిలుపుకునే వీలు ఇచ్చారు. ఒకే సామ్రాజ్యపు ప్రజలు రెండు రకాల వారసులుగా చీలింది అక్కడే. నేటికీ లిస్బన్ శివార్లలో నివాస పత్రం కోసం క్యూ కట్టే కేప్ వర్దీ కుటుంబాల ఇబ్బందికి ఆ డిక్రీ ఒక కారణం.

సీపీఎల్‌పీ పౌరుల రాకపోకలను సులభం చేయాలన్న మాట రెండు దశాబ్దాలు సమావేశాల్లోనే నలిగింది. చివరికి 2021 జూలై 17న లువాండా శిఖరాగ్ర సభలో చలన ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. స్వల్పకాలిక బస, తాత్కాలిక బస, నివాస వీసా, నివాస అనుమతి అని అది నాలుగు మెట్లు ఏర్పరచింది. ఏ దేశానికి ఎన్ని మెట్లు ఇష్టమైతే అన్నే ఒప్పుకోవచ్చు, ఏ దేశాలకు వర్తింపజేయాలో కూడా ఎంచుకోవచ్చు. అందరినీ ఒప్పించడానికి పెట్టిన ఈ వెసులుబాటు వల్లే, ఒప్పందం ఒకటైనా ఆచరణ దేశానికొక రకంగా మారింది.

పోర్చుగల్ ఒక అడుగు ముందుకు వేసింది. 2007 నాటి విదేశీయుల చట్టాన్ని సవరిస్తూ 2022 ఆగస్టు 25న 18/2022 చట్టం తెచ్చింది. దాని ప్రకారం సీపీఎల్‌పీ పౌరుడి నివాస వీసాకు వలస పోలీసు విభాగమైన సెఫ్ ముందస్తు అభిప్రాయం అక్కర్లేకుండా పోయింది. కాన్సులేటు నేరుగా ఇవ్వగలిగేది. బతకడానికి సరిపడే డబ్బు చూపలేనివారు, పోర్చుగల్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఒకరు రాసిచ్చే హామీ పత్రంతో సరిపెట్టగలిగేవారు. వయసు మీరిపోతున్న జనాభా, హోటళ్లలో, నిర్మాణ పనుల్లో, వృద్ధుల సంరక్షణలో మనుషుల కొరత ఉన్న దేశానికి, అదే భాష మాట్లాడే పనివాళ్లు దొరకడం మేలే. చట్టం ఉద్దేశం మంచిదనడంలో సందేహం లేదు.

కానీ ఆ మేలు అందరికీ సమానంగా అందలేదు. ఐరోపా షెంగెన్ ప్రాంతంలోకి బ్రెజిల్, తూర్పు తిమోర్ పౌరులు వీసా లేకుండా 90 రోజులకు అడుగుపెట్టవచ్చు. అంగోలా, మొజాంబిక్, గినీ-బిసావు, కేప్ వర్దీ, సావ్ తోమె వారికి విమానం ఎక్కకముందే వీసా కావాలి. పోర్చుగల్‌లో అప్పటికే ‘ఆసక్తి ప్రకటన’ అనే మార్గం ఒకటి ఉండేది. పర్యాటకుడిగా వచ్చి, ఉద్యోగం చూసుకుని, సామాజిక భద్రతా నిధికి చందా కడుతూ, లోపలి నుంచే నివాసం కోరే మార్గం అది. ఎగువ మధ్యతరగతి బ్రెజిల్ యువకుడికి విమాన టికెట్టు ఉంటే ఆ దారి తెరిచినట్టే. బిసావులోని యువకుడికి మాత్రం దారి కాన్సులేటు గేటు దగ్గరే ఆగిపోయేది. అపాయింట్‌మెంట్లు దొరక్క, దొరికించే దళారులకు డబ్బు ముట్టజెప్పాల్సి వచ్చేది. వీసా అక్కర్లేని తిమోర్ వారికీ దళారుల బెడద తప్పలేదు. 2022లో పని ఆశ చూపి పంపిన వందలాది తిమోర్ యువకులు అలెంతెజు ప్రాంతంలోని బేజ, సెర్ప పట్టణాల్లో, పని లేక, తలదాచుకునే చోటు లేక వీధుల్లో పడుకున్నారు.

2023 మార్చి 13న పోర్చుగల్ ఒక ప్రత్యేక ఆన్‌లైన్ పోర్టల్ తెరిచింది. 2022 డిసెంబర్ 31 లోపు ఆసక్తి ప్రకటన పెట్టి ఎదురుచూస్తున్న సీపీఎల్‌పీ పౌరులు అందులో వివరాలు సరిచూసుకుని, 15 యూరోలు కట్టి, ఏడాది చెల్లే నివాస పత్రం పొందే వీలు కలిగింది. ఏళ్ల తరబడి ఆగిన పని వారాల్లో అయిపోయింది. లక్షకు పైగా మంది, అందులో అత్యధికులు బ్రెజిలియన్లు, ఊపిరి పీల్చుకున్నారు. అయితే వారికి అందింది చిప్ ఉన్న ప్లాస్టిక్ కార్డు కాదు, క్యూఆర్ కోడ్ ముద్రించిన ఎ4 కాగితం. అద్దె ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు వంటి పనులకు పోర్చుగల్ లోపల ఆ కాగితం చెల్లేది. స్పెయిన్ సరిహద్దు దాటితే దానికి విలువ ఉండేది కాదు. ఐరోపా సమాఖ్యలో నివాస పత్రాలకు 2002 నుంచి ఒకే నమూనా ఉండగా పోర్చుగల్ దాన్ని పాటించలేదని, 2023 సెప్టెంబర్‌లో ఐరోపా కమిషన్ ఉల్లంఘన చర్య మొదలుపెట్టింది. ఉమ్మడి భాష పేరుతో ఇచ్చిన హక్కు ఐరోపా ఉమ్మడి నియమాల ముందు తేలిపోయింది. ఆ కాగితం పుచ్చుకున్నవాడు పారిస్‌లోని చెల్లెలి పెళ్లికి వెళ్లగలడా, వెళ్లలేడా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరికేది కాదు. ఆ నమూనాను సరిదిద్దే 9/2025 చట్టం వచ్చింది 2025 ఫిబ్రవరిలో.

అదే సమయంలో కార్యాలయమే మారిపోయింది. 2023 అక్టోబర్ 29న సెఫ్‌ను రద్దుచేసి, పోలీసు పనిని ఇతర దళాలకు పంచి, పరిపాలన పనిని ఐమా అనే కొత్త సంస్థకు అప్పగించారు. పోలీసు అనుమానపు చూపు నుంచి వలసదారుడిని తప్పించాలన్న ఆలోచన సరైనదే. అయితే కొత్త సంస్థకు పాత పెండింగ్ ఫైళ్లు లక్షల్లో అంటుకున్నాయి, పాత కంప్యూటర్లు, చాలీచాలని సిబ్బంది మిగిలారు. 2024లో ఆ పెండింగ్ ఫైళ్లు నాలుగు లక్షల దాకా చేరాయి. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుంది, అపాయింట్‌మెంట్ పేజీలో ఖాళీ తేదీ కనిపించదు. దాంతో జనం లిస్బన్ పరిపాలనా న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. పౌర హక్కుల రక్షణ కోసం అత్యవసరంగా వాడే దావాలు, కేవలం ఒక అపాయింట్‌మెంట్ తేదీ ఇప్పించమని కోరుతూ, వేలకొద్దీ దాఖలయ్యాయి. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోగలిగినవాడి ఫైలు ముందు కదిలింది. ఇక గడువు తీరిన పాత పత్రాలు ఇంకా చెల్లుతాయంటూ ప్రభుత్వం డిక్రీ మీద డిక్రీ ఇచ్చింది. ఆ పొడిగింపు పోర్చుగల్ అధికారులకు తెలుసు, పరాయి దేశపు విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి తెలియదు. అమ్మ చనిపోయిందని తెలిసినా, తిరిగి రానిస్తారో లేదోనన్న భయంతో ప్రయాణం మానుకోవాల్సిన పరిస్థితి అది.

2024 సెప్టెంబర్‌లో ఈ పెండింగ్ పని తీర్చడానికి పెద్ద సేవా కేంద్రం ఒకటి లిస్బన్‌లోని తెల్యైరాస్‌లో తెరుచుకుంది. అది హిందూ సమాజానికి చెందిన భవనంలో, రాధాకృష్ణ ఆలయం ఆవరణలో ఉంది. ఆ సమాజంలో ఎక్కువమంది మొజాంబిక్ నుంచి 1975 తర్వాత వచ్చిన గుజరాతీలు. పోర్చుగీసు పౌరులుగా వచ్చి స్థిరపడిన ఆ వలసదారుల ఇంట్లో, ఆ హక్కు లేని తర్వాతి తరం వలసదారులు వేలిముద్రలు ఇచ్చారు. అక్కడికి వచ్చినవారిలో భారతీయులూ తక్కువేమీ కాదు. ఐమా లెక్కల ప్రకారం 2024 చివరికి పోర్చుగల్‌లో విదేశీయులు 15 లక్షలు దాటారు. వారిలో సుమారు 4.8 లక్షలమంది బ్రెజిలియన్లు. లక్షకు కాస్త తక్కువగా ఉన్న భారతీయులు రెండో స్థానంలో, అంగోలా వారు వారి వెనుక ఉన్నారు. పోర్చుగీసు ఒక్క ముక్క రాని భారతీయులు అంగోలా వారి కంటే ఎక్కువ ఉండడానికి ముఖ్య కారణం ఆసక్తి ప్రకటన దారే. భాష కంటే ఒక చట్టపు సెక్షను బలమైనదని ఈ అంకెలు చెబుతాయి.

ఆ దారిని 2024 జూన్ 3న ప్రభుత్వం డిక్రీతో మూసింది. మర్నాటి నుంచి కొత్త దరఖాస్తులు లేవు. సీపీఎల్‌పీ పౌరులకు మాత్రం లోపలి నుంచి కోరే వీలు కొంతకాలం మిగిలింది. 2025 అక్టోబర్ 22న వెలువడిన 61/2025 చట్టం దాన్నీ తీసేసింది. బ్రెజిల్ పౌరుడైనా ఇప్పుడు స్వదేశంలోని కాన్సులేటులో నివాస వీసా తెచ్చుకుని రావాలి, పర్యాటకుడిగా దిగి హక్కు కోరడం కుదరదు. ఈ చట్టపు మొదటి రూపాన్ని రాజ్యాంగ న్యాయస్థానం అదే ఏడాది ఆగస్టులో తప్పుబట్టింది. కుటుంబాన్ని వేరుచేస్తున్నారన్నది ప్రధాన అభ్యంతరం. సవరించిన తర్వాత కూడా కుటుంబాన్ని రప్పించుకోవాలంటే సాధారణంగా రెండేళ్ల చట్టబద్ధ నివాసం పూర్తి కావాలి, చిన్న పిల్లలున్న కుటుంబాలకు మినహాయింపు ఉంది. పని ఇచ్చిన దేశం ఆ పనివాడి భార్యను రెండేళ్లు దూరంగా ఉంచడం న్యాయమనిపించుకోదు. పనికి సరిపోయిన భాష కాపురానికి సరిపోకుండా పోయింది.

దరఖాస్తు లోపల ఏముంటుందో చూస్తే ఈ కష్టం ఇంకా స్పష్టమవుతుంది. నివాస వీసాకు పాస్‌పోర్టు, స్వదేశపు నేర చరిత్ర ధ్రువపత్రం, బస, జీవనోపాధి ఆధారాలు, ప్రయాణ బీమా పెట్టాలి. రెండుసార్లు ప్రవేశానికి వీలిచ్చే ఆ వీసా వచ్చాక నాలుగు నెలల లోపు పోర్చుగల్ చేరి ఐమా ముందు హాజరుకావాలి. అప్పటికి పన్ను సంఖ్య ఉండాలి, పని చేస్తుంటే సామాజిక భద్రతా సంఖ్య కూడా ఉండాలి. జీవనోపాధికి కొలమానం కనీస వేతనం. 2025లో అది నెలకు 870 యూరోలు. ఒక్కరికి పూర్తి మొత్తం, కుటుంబంలో రెండో పెద్ద మనిషికి సగం, ఒక్కో పిల్లకు 30 శాతం చొప్పున లెక్కగడతారు. చిరునామా దగ్గర అసలు చిక్కు వస్తుంది. లిస్బన్‌లో గది దొరకడమే కష్టం, దొరికినా చాలామంది యజమానులు రాతకోతలకు ఒప్పుకోరు. అలాంటివారు స్థానిక పాలనలో అట్టడుగు కార్యాలయమైన జుంతాకు వెళ్లి నివాస ధ్రువపత్రం అడుగుతారు. అద్దె ఒప్పందం లేకపోతే, ఆ ప్రాంతపు ఓటర్ల జాబితాలో పేరున్న ఇద్దరు వచ్చి, ‘ఇతను ఇక్కడే ఉంటున్నాడు’ అని సాక్ష్యం సంతకం పెట్టాలి. నిన్నగాక మొన్న దిగినవాడికి ఓటు హక్కున్న ఇద్దరు పరిచయస్తులు ఎక్కడ దొరుకుతారు? సాక్షులను, చిరునామాలను డబ్బుకు సమకూర్చే దళారులు పుట్టుకొచ్చింది ఈ ఖాళీలోనే.

నేర చరిత్ర పత్రానిది ఇంకో తంటా. బ్రెజిల్ ఫెడరల్ పోలీసులు ఆన్‌లైన్‌లో ఇచ్చే పత్రం 90 రోజులే చెల్లుతుంది. అపాయింట్‌మెంట్ ఆ 90 రోజుల తర్వాత వస్తే పత్రం మళ్లీ తీసుకోవాలి, పత్రం పరదేశంలో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్ర మళ్లీ వేయించుకోవాలి. బ్రెజిల్, కేప్ వర్దీ, సావ్ తోమె ఈ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అది స్వదేశంలోనే ఒక్క ముద్రతో అయిపోతుంది. ఒప్పందంలో లేని దేశాలవారు మంత్రిత్వ శాఖ నుంచి కాన్సులేటుకు, కాన్సులేటు నుంచి మంత్రిత్వ శాఖకు తిరగాలి. ఒకే భాషలో రాసిన పత్రానికి తర్జుమా ఖర్చు లేకపోవడం సీపీఎల్‌పీ పౌరుడికి దక్కే నిజమైన లాభాల్లో ఒకటి. కానీ పేర్లలో తేడా వస్తే ఆ లాభమూ ఆవిరవుతుంది. తల్లి ఇంటిపేరు ముందు, తండ్రి ఇంటిపేరు చివర, మధ్యలో ‘ద’, ‘దుష్’ వంటి కలిపే పదాలు ఉండే ఆ పేర్లలో ఒక ముక్క తప్పినా ఫైలు వెనక్కి వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉన్న తెలుగువారికి ఆ అవస్థ కొత్త కాదు.

నివాసం నుంచి జాతీయతకు వెళ్లే దారి కూడా మారుతోంది. 1981 నాటి జాతీయత చట్టానికి 2018లో జరిగిన సవరణ, అయిదేళ్ల చట్టబద్ధ నివాసం చాలంది. పోర్చుగీసు దేశాల పౌరులకు భాషా పరీక్ష లేదు, మిగతావారు ఎ2 స్థాయి నిరూపించుకోవాలి. 2025 అక్టోబర్‌లో పార్లమెంటు ఆ అయిదేళ్లను సీపీఎల్‌పీ, ఐరోపా సమాఖ్య పౌరులకు ఏడేళ్లుగా, ఇతరులకు పదేళ్లుగా పెంచే బిల్లును ఆమోదించింది. డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దానిలోని కొన్ని నిబంధనలను కొట్టివేసింది. లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది ఈ చర్చలో అతి ముఖ్యమైన అంశం. దరఖాస్తు పెట్టిన రోజు నుంచా, కార్డు చేతికొచ్చిన రోజు నుంచా? మూడేళ్లు ఐమా క్యూలో నిలబడినవాడికి ఈ ప్రశ్న మూడేళ్ల జీవితంతో సమానం.

బ్రెజిల్ పౌరులకు పోర్చుగల్‌లో అదనంగా ఒక హోదా ఉంది. 2000 ఏప్రిల్ 22న, పోర్చుగీసు నౌకలు బ్రెజిల్ తీరం చేరి అయిదు వందల ఏళ్లయిన సందర్భంలో, పోర్టు సెగురోలో కుదిరిన మైత్రీ ఒప్పందం సమానత్వ హోదాను ఇచ్చింది. నివాస అనుమతి ఉన్న బ్రెజిల్ పౌరుడు దాన్ని కోరి తీసుకుంటే, జాతీయత మార్చుకోకుండానే స్థానికులతో సమానమైన హక్కులు పొందుతాడు. మూడేళ్ల నివాసం తర్వాత రాజకీయ హక్కులూ అడగవచ్చు. ఇదే సౌకర్యం బ్రెజిల్‌లో పోర్చుగీసు పౌరుడికి వర్తిస్తుంది. ఆఫ్రికా దేశాలకు ఇంత లోతైన ఒప్పందం లేదు.

ఆతిథ్యమిచ్చే దేశంగా చూస్తే బ్రెజిల్ ఎక్కువ ఉదారంగా ఉంది. 1988 రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం, పోర్చుగీసు మాట్లాడే దేశాల నుంచి వచ్చినవారు ఒక్క ఏడాది నిరంతరంగా నివసించి, మంచి నడవడి ఉంటే పౌరసత్వం కోరవచ్చు. ఇతరులకు 2017 వలస చట్టం నాలుగేళ్లు అంటుంది. లువాండా ఒప్పందం కింద నివాస వీసాలు, అనుమతులు ఇచ్చే ఏర్పాటు 2023లో జరిగింది. లిస్బన్ వైపు మాత్రమే చూసే అంగోలా యువతకు ఈ దారి సరిగ్గా తెలియకపోవడం విచారకరం.

బ్రెజిల్ పౌరుడికి ఐరోపా కంటే సులభమైన గమ్యం పక్కనే ఉంది. 2002 డిసెంబర్‌లో సంతకమైన, దక్షిణ అమెరికా దేశాల కూటమి మెర్కోసూర్ నివాస ఒప్పందం ప్రకారం, పాస్‌పోర్టు, నేర చరిత్ర పత్రం చూపితే అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే వంటి దేశాల్లో రెండేళ్ల నివాసం, ఆపై శాశ్వత నివాసం దొరుకుతాయి. అక్కడ భాష స్పానిష్. ఉమ్మడి భాష లేకున్నా, పొరుగు దేశాల పట్టుదల వల్ల, హక్కు సీపీఎల్‌పీ కంటే దృఢంగా నిలిచింది. స్పెయిన్‌లో చరిత్ర పనిచేస్తుంది. అక్కడి సివిల్ కోడ్ ఐబెరో-అమెరికా దేశాల, పోర్చుగల్, ఈక్వటోరియల్ గినీ పౌరులకు రెండేళ్ల చట్టబద్ధ నివాసంతో జాతీయత ఇస్తుంది. అంగోలా, మొజాంబిక్ వారికి పదేళ్లు. రెండేళ్ల రాయితీ ఉన్నా బ్రెజిలియన్ స్పానిష్ పరీక్ష రాయాలి.

జపాన్‌లో భాషకు స్థానమే లేదు, అక్కడ రక్తసంబంధం చూస్తారు. 1908లో కసాతో మారు ఓడ మొదటి జపనీయులను బ్రెజిల్‌లోని సాంతోస్ రేవులో దింపింది. వారి మనవల తరానికి 1990లో సవరించిన జపాన్ వలస చట్టం దీర్ఘకాల నివాసం ఇచ్చింది. హమామత్సు, ఓయిజుమి కర్మాగారాలు బ్రెజిలియన్లతో నిండాయి. 2009 మాంద్యంలో జపాన్ ప్రభుత్వం ఒక్కో కార్మికుడికి మూడు లక్షల యెన్‌లు ఇచ్చి, ఇదే హోదాతో మళ్లీ రావద్దన్న షరతుతో ఇంటికి పంపింది. ఇటలీలోనూ రక్తమే ప్రమాణం. 2025 మార్చి 28 డిక్రీ వరకు ముత్తాత, అంతకు పై తరం ఇటలీ వాడైనా పౌరసత్వం దక్కేది. ఆ డిక్రీ దాన్ని రెండు తరాలకు కుదించడంతో, వెనెతో ప్రాంతపు వంశావళులు తవ్వుకున్న వేలాది బ్రెజిల్ కుటుంబాల ఆశ తెగిపోయింది.

పోర్చుగీసు పౌరుడి పరిస్థితి వీరందరి కంటే భిన్నం. 2004 నాటి ఐరోపా నిర్దేశం ప్రకారం అతడు సమాఖ్యలో ఎక్కడైనా మూడు నెలలు ఏ షరతూ లేకుండా, ఆపై పనితోనో వనరులతోనో ఉండి, అయిదేళ్లకు శాశ్వత నివాసం పొందుతాడు. అందుకే 1961 డిసెంబర్ 19కి ముందు గోవాలో పుట్టినవారు, వారి పిల్లలు, మనవలు లిస్బన్‌లో జననం నమోదు చేయించుకుని, భారత పౌరసత్వం వదులుకుని, ఇంగ్లండులోని స్విండన్ చేరారు. ఉత్తర ఐర్లండులోని డంగానన్‌లో మాంసం కర్మాగారాల్లో పనిచేసే తిమోర్ కుటుంబాలూ అదే పాస్‌పోర్టుతో వచ్చాయి. బ్రెగ్జిట్ తర్వాత, 2020 డిసెంబర్ 31 నాటికి బ్రిటన్‌లో ఉంటూ 2021 జూన్ 30 లోపు దరఖాస్తు పెట్టినవారి హోదా నిలిచింది. ఆ తర్వాత వచ్చే పోర్చుగీసు పౌరుడు హైదరాబాద్ నుంచి వెళ్లేవారిలాగే ఉద్యోగ వీసా తెచ్చుకోవాలి.

అమెరికా గ్రీన్‌కార్డు లెక్క వేరు. ఉద్యోగ ప్రాతిపదికన ఏటా సుమారు 1,40,000 వీసాలు ఉంటాయి, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు. ఎవరు ఏ దేశపు లెక్కలోకి వస్తారన్నది పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన చోటును బట్టి తేలుతుంది. ఒకే సంస్థలో ఒకే పని చేసే బ్రెజిల్ ఇంజనీరుకు, విజయవాడలో పుట్టిన ఇంజనీరుకు మధ్య నిరీక్షణలో ఏళ్ల తేడా ఉండేది అందుకే. గోవాలో పుట్టినవాడు పోర్చుగీసు పాస్‌పోర్టు చూపినా భారత్ క్యూలోనే నిలబడాలి. మపూతోలో పుట్టిపెరిగిన గుజరాతీ సంతతివాడు మాత్రం, పాస్‌పోర్టు ఏదైనా, మొజాంబిక్ లెక్కలోకి వెళతాడు. దంపతుల్లో ఒకరు బ్రెజిల్‌లో పుట్టి, రెండోవారు తెలుగువారైతే, ఇద్దరూ బ్రెజిల్ లెక్కలో దరఖాస్తు పెట్టుకునే వీలును ఆ చట్టమే ఇస్తుంది.